హెవీవెయిట్ ఛాంపియన్‌కి తగ్గ పోటీదారు: బరంపురం వైపు ఒక కేసు

ఈ కేసులోని బాక్సరుకి, అతని మీద దిగినవాళ్లకి, బెల్టు పెట్టిన కమిటీకి ఇక్కడ పేర్లు లేవు. ఆనవాలు పట్టేంత వివరాలు కొన్ని వదిలేశాను, కొన్ని మార్చాను. గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఈ ఆట తెలిసినవాళ్లకి ఎవరో తట్టినా తమలోనే ఉంచుకోమని మనవి.

నేను ఒడిశా సరిహద్దు జిల్లాల్లోను, ఇటు ఇచ్ఛాపురం నుంచి విశాఖ దాకాను జరిగే ఆహ్వాన బాక్సింగ్ పోటీలకి జతలు వేస్తుంటాను, అంటే ఎవరి మీద ఎవరు దిగాలో కుదురుస్తుంటాను. తక్కువ బరువుల్లో ఇది పెద్ద కష్టం కాదు. కుర్రాళ్లు బోలెడంతమంది ఉంటారు, ఒకడు కాకపోతే ఇంకొకడు. అన్నిటికన్నా పై తరగతికి వచ్చేసరికి చిక్కంతా మొదలవుతుంది. అక్కడ జత వేసేటప్పుడు అందరం చూసేవి బరువు, రికార్డు, పేరు. ఈ కేసులో ఆ మూడూ ఒకదాని తర్వాత ఒకటి చేతులెత్తేశాయి. అందుకే రాస్తున్నాను.

నేపథ్యం

ఛాంపియన్ బరంపురం తెలుగు కుర్రాడు, నేతపని కుటుంబం. ఇరవై నాలుగేళ్లు, ఆరడుగుల రెండంగుళాలు, 104 కిలోలు. కుడిచేతి వాటం. జాబ్, అంటే ముందు చేత్తో వేసే దెబ్బ, పొడుగ్గా తిన్నగా పడుతుంది, దాని వెనకే కుడిచెయ్యి వస్తుంది. తండ్రి లేడు. వ్యవహారాలన్నీ మేనమామ చూస్తాడు. ఊళ్లోని వ్యాపారుల కమిటీ ఒకటి 92 కిలోల పైబడిన తరగతికి ఒక బెల్టు పెట్టింది. ఏడాదికి రెండు మూడు పోటీలు. నిబంధనలన్నీ అమెచ్యూర్‌వే: మూడేసి నిమిషాల మూడు రౌండ్లు, 12 ఔన్సుల గ్లవ్స్, ఐదుగురు జడ్జీలు.

మన దేశంలో ఈ తరగతి మొదట్నుంచీ పల్చనే. 1966, 1970 ఆసియా క్రీడల్లో హవాసింగ్ వరసగా రెండు హెవీవెయిట్ స్వర్ణాలు తెచ్చినా, ఆయన వెనక పెద్ద వరస తయారవలేదు. హెవీవెయిట్‌కీ పైదైన సూపర్ హెవీ తరగతి 1984లో ఒలింపిక్స్‌లోకి వస్తే, అందులో భారతీయుడు దిగడానికి 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ దాకా ఆగాల్సి వచ్చింది. ఆ దిగినవాడు సతీశ్ కుమార్. దేశం మొత్తమ్మీదే ఇలా ఉంటే మన నాలుగు జిల్లాల సంగతి వేరే చెప్పాలా?

దీనికి తోడు సరిహద్దు. బరంపురం నుంచి ఇచ్ఛాపురం పాతిక కిలోమీటర్లు ఉంటుందేమో. రెండు వైపులా అదే తెలుగు, అవే చుట్టరికాలు. కానీ ఇక్కడి బాక్సరు ఒడిశా సంఘంలో నమోదవుతాడు, అక్కడివాడు ఆంధ్రా సంఘంలో. అధికారిక పోటీల్లో ఇద్దరూ ఎదురుపడాలంటే జాతీయ స్థాయికి వెళ్లాల్సిందే. పక్క ఊరివాణ్ణి దించాలన్నా రెండు సంఘాల అనుమతి కావాలి. కాబట్టి వెతుకులాట ఎప్పుడూ ఇంటి చుట్టుపక్కలే మొదలవుతుంది.

వచ్చిన సమస్య

కమిటీవాళ్లు నా దగ్గరికి వచ్చేసరికి ఛాంపియన్ మీద దిగినవాడెవడూ మూడో రౌండు చూడలేదు. మొదట్లో జనానికి అది ముచ్చటగా ఉండేది. తర్వాత్తర్వాత ఆఖరి బౌట్ మొదలవకముందే ఆఖరి బస్సుకి లేచిపోవడం మొదలెట్టారు. కమిటీకి కావాల్సింది నిండిన హాలు.

మేనమామకి కావాల్సింది వేరు. బెల్టు మీద ఓటమి లేని రికార్డు ఉంటే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందని ఆయన నమ్మకం. కోటాలో చూసేది గుర్తింపు ఉన్న రాష్ట్ర, జాతీయ పోటీల పతకాలనీ, ఊరి బెల్టుని ఎవరూ లెక్కలోకి తీసుకోరనీ చెప్పాను. విన్నాడు గానీ నమ్మినట్టు లేదు.

అసలు సమస్య నాకు కనిపించింది ఇంకోచోట. జాతీయ పోటీలకి వెళ్లి మొదటి బౌట్‌లోనే ఎడమచేతి వాటం కుర్రాడి చేతిలో ఓడి వచ్చాడు మనవాడు. ఆ వీడియో చూశాను. రెండో రౌండు సగంలోనే నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నాడు. జాబ్ వేసిన ప్రతిసారీ అవతలివాడి ముందు చెయ్యి అడ్డం వస్తోంది. ఏం చెయ్యాలో తోచక అదే జాబ్ మళ్లీ వేస్తున్నాడు. విడిగా కూర్చోబెట్టి అడిగితే ఒక్కటే మాటన్నాడు: "మాస్టారూ, మూడో రౌండులో ఏటి చెయ్యాలో నాకు తెలీదు. ఇక్కడ ఎప్పుడూ అక్కడిదాకా వెళ్లనేదు కదా."

ఆ మాటతో నా పని ఏంటో నాకు స్పష్టమైంది. మిగతా ఇద్దరికీ అది అర్థం కావడానికి చాలాకాలం పట్టింది.

ప్రొఫెషనల్ ప్రపంచంలో ఈ పనికి ఒక యంత్రాంగం ఉంది. డబ్ల్యుబిఏ, డబ్ల్యుబిసి, ఐబిఎఫ్, డబ్ల్యుబివో అని ప్రపంచ టైటిళ్లిచ్చే నాలుగు సంస్థలు, ఒక్కోదానికి ఒక ర్యాంకుల జాబితా. అందులో ముందున్నవాణ్ణి నిర్ణీత గడువులోగా ఎదుర్కోకపోతే బెల్టు లాక్కుంటారు. ఛాంపియన్‌కే వదిలేస్తే సుఖమైనవాణ్ణి ఎంచుకుంటాడని ఆ ఏర్పాటు. అదైనా అన్నిసార్లూ పనిచేయదు. 1992లో లెనాక్స్ లూయిస్‌తో ఆడమంటే అప్పటి ఛాంపియన్ రిడిక్ బోవ్ డబ్ల్యుబిసి బెల్టుని పత్రికలవాళ్ల ముందే చెత్తబుట్టలో పడేశాడు. 2015లో అప్పటి ఛాంపియన్ క్లిచ్‌కోని ఓడించిన టైసన్ ఫ్యూరీకి రెండు వారాలు తిరక్కుండానే ఐబిఎఫ్ బెల్టు పోయింది. వాళ్లు చెప్పినవాడితో కాకుండా క్లిచ్‌కోతోనే మళ్లీ ఆడాలని అతనికి అప్పటికే ఒప్పందం ఉంది. అంత పెద్ద ఏర్పాటులోనే ఇన్ని లొసుగులుంటే, జాబితాయే లేని మన దగ్గర జత వేసేవాడి బుర్రే జాబితా.

చేసి చూసినవి

మొదట బరువు చూశాను. 104 కిలోలవాడి ముందు ఇంచుమించు అంత బరువున్నవాణ్ణే పెట్టడం భద్రత దృష్ట్యా సరైన ఆలోచనే. బరంపురంలో బరువైన, బలమైన కుర్రాళ్లకి కొదవ లేదు. ఇది వెయిట్‌లిఫ్టింగ్ ఊరు. 2010 కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల తరగతిలో స్వర్ణం తెచ్చిన కె. రవికుమార్ ఇక్కడివాడే. వ్యాయామశాలల్లో వంద కిలోలు దాటిన ఇద్దర్ని ఎంచి, కొన్నాళ్లు బాక్సింగ్ నేర్పించి, డాక్టరు చూశాక దించాం.

మొదటివాడు తొలి నిమిషం బాగానే నెట్టుకొచ్చాడు. రెండో నిమిషానికి చేతులు ఛాతీ దగ్గరికి జారాయి. లిఫ్టరు బలమంతా ఒకటి రెండు క్షణాల్లో బయటికొచ్చే బలం. మూడు నిమిషాల పాటు చేతులు చెంపల దగ్గర నిలబెట్టి, అవి దించకుండానే కొట్టడం, కాచుకోవడం పూర్తిగా వేరే కండల పని. భుజాలు పట్టేశాయి, మొహానికి కాపుగా ఉండాల్సిన చేతులు పడిపోయాయి, రెఫరీ ఆపాడు. రెండోవాడిదీ అదే కథ, కాకపోతే తలకి దెబ్బలు ఎక్కువ తగిలాయి. తలదెబ్బలతో బౌట్ ఆగితే కనీసం 30 రోజులు రింగు ఎక్కకూడదు. మూడు నెలల్లో రెండోసారైతే మూడు నెలలు, ఏడాదిలో మూడోసారైతే ఏడాది. ఆ కాగితం మీద డాక్టరు సంతకం పెడుతుంటే, ఇంక ఈ దారి వద్దని కమిటీకి చెప్పేశాను. జతలు వేసేవాడు ఛాంపియన్ తల గురించి ఆలోచించేదాంట్లో సగమైనా ఎదుటివాడి తల గురించి ఆలోచించాలి. ఊరికే ఎదురుగా నిలబడ్డానికి మనిషిని తేవడం నా దృష్టిలో జత వెయ్యడం కానే కాదు.

ఒళ్లు చూసి బాక్సరుని అంచనా కట్టడం మన ఊరి జబ్బేం కాదు. 2019 జూన్‌లో న్యూయార్క్‌లో అప్పటి ప్రపంచ ఛాంపియన్ ఆంథొనీ జాషువా ముందుకి ఆండీ రూయిజ్ వచ్చినప్పుడు, ఆ పొట్ట చూసి నవ్వనివాడు లేడు. పైగా డోపింగ్ పరీక్షలో దొరికిపోయిన ఇంకొకడి బదులు ఆఖర్న వచ్చినవాడు. జాషువా నాలుగుసార్లు కింద పడ్డాడు, ఏడో రౌండులో ఆట ముగిసింది. రూయిజ్ అంతకుముందు ఓడింది ఒక్కసారే, అదీ పాయింట్ల మీద, జోసెఫ్ పార్కర్ చేతిలో. దగ్గరగా నిలబడి వేగంగా రెండు చేతులా కొట్టగలడని అది చూసినవాళ్లకి తెలుసు. పొట్ట చూసినవాళ్లకి తెలీదు.

తర్వాత రికార్డు. విశాఖ వైపు నుంచి, సర్వీసులో ఉండగా ఆడిన బాక్సరు ఒకాయన్ని పిలిచాం. ముప్పై ఆరేళ్లు. 40 దాకా నిబంధనలు ఒప్పుకుంటాయి. రికార్డు పుస్తకం నిండా పతకాలే. ఇన్ని ఆడినవాడు మనవాణ్ణి మూడో రౌండుకి తీసుకెళ్తాడని నా లెక్క. తీసుకెళ్లాడు కూడా. ఎలాగంటే, మొదటి రౌండు సగం నుంచి ఆఖరి గంట దాకా వాటేసుకుని. రెఫరీ విడదీయడం, ఆయన మళ్లీ పట్టుకోవడం. జనం ఈలలు వేశారు. జడ్జీలు ఐదుగురూ మనవాడికే ఇచ్చారు. మనవాడికి దక్కిందల్లా అలా వాటేసుకున్నప్పుడు మోచేతులు ఎక్కడ పెట్టుకోవాలన్న సంగతి ఒక్కటే. అదీ పనికొచ్చేదే అనుకోండి.

ఆ తర్వాత ఆ పుస్తకాన్ని తీరిగ్గా చదివాను. పై బరువు తరగతి రికార్డులు చదివే పద్ధతి వేరని అప్పుడు గట్టిగా అనిపించింది. అమెచ్యూర్ బాక్సింగ్‌లో సెమీఫైనల్లో ఓడిన ఇద్దరికీ కంచు ఇస్తారు. నలుగురే పేరిచ్చిన పోటీలో ఒక్క బౌట్ గెలవకుండానే కంచు వస్తుంది. ముగ్గురే ఉంటే, ఒకడు ఊరికే ఫైనల్‌కి వెళ్లి ఓడి వెండి తెచ్చుకుంటాడు. 57 కిలోలవాడి కంచు వెనక మూడు నాలుగు విజయాలుండొచ్చు, 92 పైబడినవాడి వెండి వెనక సున్నా ఉండొచ్చు. అందుకే ఇప్పుడు పతకం అడగను. ఆ పోటీలో ఎంతమంది దిగారు, నువ్వు ఎవర్ని కొట్టావు, అతను ఆ తర్వాత ఏమయ్యాడు అని అడుగుతాను. గత రెండేళ్లకి ముందువాటిని చూసీచూడనట్టు వదిలేస్తాను.

మూడోది పేరు. ఇది కమిటీ పట్టుదల. ఫోన్లో వీడియోలతో పేరు తెచ్చుకున్న కిక్‌బాక్సరు ఒకణ్ణి తెచ్చారు. నేను వద్దనలేదు. ప్రొఫెషనల్ చరిత్రలో ఇంతకన్నా పెద్ద సాహసమే జరిగింది: 1957లో ఫ్లాయిడ్ ప్యాటర్సన్ తన ప్రపంచ టైటిల్‌ని, అంతకుముందు ఏడాది ఒలింపిక్స్ స్వర్ణం గెలిచి ఒక్క ప్రొఫెషనల్ బౌట్ కూడా ఆడని పీట్ రాడెమాకర్ ముందు పెట్టాడు. రెండో రౌండులో ప్యాటర్సన్ కింద పడ్డాడు గానీ, ఆరో రౌండుకల్లా అతనే రాడెమాకర్ పని ముగించాడు. అయితే రాడెమాకర్ పేరు వెనక ఒలింపిక్ ఫైనల్ ఉంది. మనం తెచ్చినవాడి పేరు వెనక ఫోను తప్ప ఏమీ లేదు. కాళ్లు వాడే ఆటకి అలవాటుపడి నిటారుగా, వెడల్పుగా నిలబడ్డాడు, జాబ్‌కి గురి చూసుకునే పని కూడా లేకుండా. టికెట్లు బాగా అమ్ముడయ్యాయి. ఆ తర్వాతి పోటీకి అమ్ముడవలేదు.

ప్రశ్న మార్చుకోవడం

ఇక్కడే పద్ధతి మార్చాను. అప్పటిదాకా "ఎవరున్నారు?" అని వెతికాం. ఇప్పుడు ముందు ఛాంపియన్ వీడియోలన్నీ పెట్టుకుని, ఇతన్ని ఓడించాలంటే ఏం కావాలి అని కాగితం మీద రాశాను.

ఎడమచేతి వాటం ఒకటి. అలాంటివాడు ముందుంటే ఇద్దరి ముందుకాళ్లూ ఎదురెదురుగా వస్తాయి. ఎవడి ముందుకాలు బయటివైపు ఉంటే వాడి వెనక చేతికి దారి దొరుకుతుంది. మనవాడికి ఆ కాలి పోరు అసలు తెలీదు. రెండోది పక్కటెముకలు. జాబ్ వేసి చెయ్యి వెనక్కి తీసుకునేటప్పుడు ఎడమ మోచెయ్యి గాల్లో ఉండిపోతుంది, కింద అంతా ఖాళీ. మూడోది దమ్ము. తొమ్మిది నిమిషాలూ కాలు ఆపనివాడు కావాలి. నాలుగోది మనవాడు పెద్దగా ఎదుర్కోనిది: భయం లేకపోవడం. మన ఊళ్లో దిగినవాళ్లలో చాలామంది గంట మోగకముందే ఓడిపోయి ఉన్నారు.

ఇలా ఆలోచించడానికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది 1990 ఫిబ్రవరిలో టోక్యోలో జరిగింది. బస్టర్ డగ్లస్ మీద పందెం 42కి 1, అంటే అతను గెలుస్తాడని దాదాపు ఎవరూ అనుకోలేదు. అప్పటి ఛాంపియన్ మైక్ టైసన్‌కి అది హోలీఫీల్డ్‌తో ఆడబోయే ముందు చేతులు సాపు చేసుకునే బౌట్ అనుకున్నారు. రికార్డు చూస్తే వాళ్లది తప్పేం కాదు. 1987లో ఐబిఎఫ్ బెల్టు కోసం ఆడి టోనీ టక్కర్ చేతిలో పదో రౌండులో ఆగిపోయినవాడు డగ్లస్. కానీ టైసన్ పాత బౌట్‌లు చూస్తే దారి కనబడుతూనే ఉంది. 1986లో జేమ్స్ టిల్లిస్, మిచ్ గ్రీన్ అతని ముందు పదేసి రౌండ్లు నిలబడ్డారు, 1987లో టక్కర్ పన్నెండు నిలబడ్డాడు. పొడుగు చెయ్యి, అవసరమైనప్పుడు పట్టుకోవడం, వెనక్కి తగ్గకపోవడం. డగ్లస్‌కి ఎత్తుంది, జాబ్ ఉంది, ఆ రాత్రి కాళ్లు కూడా ఆడాయి. పదో రౌండులో టైసన్ లేవలేకపోయాడు. పందెం కట్టినవాళ్లు డగ్లస్ ఎవరో చూశారు, టైసన్‌కి అతను ఏమవుతాడో చూడలేదు.

కాగితం పట్టుకుని రాయగడ, జేపూరు, సునాబెడ వైపు వెళ్లాను. జిమ్ముల్లో "ఎవరు గట్టిగా కొడతారు?" అని అడగలేదు. అలా అడిగితే ప్రతి కోచ్‌కీ తన శిష్యుడే గుర్తొస్తాడు. కుర్రాళ్లని పక్కకి పిలిచి, "ఎవడితో స్పారింగంటే మీకు చిరాకు?" అని అడిగాను. స్పారింగంటే సాధన కోసం ఆడే పోరు. వేరువేరు చోట్ల ఒకే మనిషి మాట వచ్చింది. జేపూరు వైపు తెలుగు కుర్రాడు, టైర్ల షాపులో పని. ఎడమచేతి వాటం. "తగిలేది పెద్దగా ఏం ఉండదు మాస్టారూ, ఊపిరి తియ్యనివ్వడు" అన్నాడొకడు.

పుస్తకంలో చూస్తే అంత గొప్పగా ఏం లేదు. బౌట్‌లు తక్కువ, ఓటములు కూడా ఉన్నాయి. 92 కిలోల లోపు తరగతిలో ఆడతాడు. ఓడించినవాళ్లని వెతికి పట్టుకుని అడిగాను. అందరూ ఒకటే చెప్పారు: మొదటి రౌండు అతనిదే, తర్వాత ఆరిపోతాడు. దమ్ము లేనివాడైతే స్పారింగులో ఊపిరి తియ్యనివ్వకపోవడమేంటి? ఆరా తీస్తే తేలిందేంటంటే, అతని మామూలు బరువు 95. ప్రతి పోటీకీ ముందు రెండు మూడు రోజులు నీళ్లు మానేసి, ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని పరుగెత్తి 92కి దిగుతున్నాడు. రింగులో ఆరిపోతున్నది మనిషి కాదు, ఒంట్లో నీళ్లు. మా బెల్టు 92 పైబడినవాళ్లకి. అంటే అతను హాయిగా తిని, తాగి, 95తో రావచ్చు.

మిగిలింది తొమ్మిది కిలోల తేడా. పై తరగతికి పైన హద్దు లేదు కాబట్టి నిబంధన ఒప్పుకుంటుంది. నిబంధన ఒప్పుకున్నంత మాత్రాన క్షేమమని కాదు. 1941లో బిల్లీ కాన్, అప్పటి ఛాంపియన్ జో లూయిస్ కన్నా తూకంలో పాతిక పౌండ్లు తక్కువ. పన్నెండు రౌండ్లయ్యేసరికి మూడు స్కోరు కాగితాల్లో రెండిటి మీద అతనే ముందున్నాడు, మూడోదాని మీద సమానం. పదమూడో రౌండులో నాకౌట్ చెయ్యాలనుకుని నిలబడి కొట్టబోయి, తనే నాకౌట్ అయ్యాడు. తేలికైనవాడు కదులుతున్నంత సేపూ బతుకుతాడు. అందుకని అనుమతి ఇచ్చే ముందు కొన్ని చూసుకున్నాను. పుస్తకంలో తలదెబ్బల వల్ల ఆగిన బౌట్ ఒక్కటీ లేదు. మా ఛాంపియన్‌తో అంతకుముందు స్పారింగ్ చేసిన వంద కిలోల కుర్రాణ్ణి జేపూరు తీసుకెళ్లి, ఇతనితో మూడు రౌండ్లు ఆడించాను. ఇద్దరికీ ఉమ్మడి కొలబద్ద ఉంటే అంచనాకి ఒక ఆధారం దొరుకుతుంది. ఆఖర్న చెమట తుడుచుకుంటూ ఆ కుర్రాడన్నాడు: "ఈడి కంటే పెద్దోడే నయం మాస్టారూ. ఆడు ఎక్కడుంటాడో తెలుస్తాది."

ఒప్పించడం

జేపూరు కోచ్ మొదట ఒప్పుకోలేదు. "మీ పెద్దోడికి మావోడు బలా?" అన్నాడు. ఆయన భయంలో న్యాయం ఉంది. బయటినుంచి వచ్చినవాడికి ఊరి ఛాంపియన్ మీద న్యాయం జరగడం ఎంత అరుదో ఆయనకి తెలుసు. అందుకని షరతులు ఆయన్నే చెప్పమన్నాను. రింగు లోపలి కొలత 6.1 మీటర్లు ఉండాలి. జడ్జీలు ఐదుగురూ, రెఫరీ రెండు జిల్లాలకీ బయటివాళ్లవాలి. గ్లవ్స్ కొత్తవి, ఇద్దరి ముందూ విప్పాలి. ముందురోజే వచ్చి పడుకోడానికి గది. గెలిచినా ఓడినా ఇచ్చే డబ్బు మారకూడదు.

మేనమామ దగ్గర అసలు తగువు రింగు మీద వచ్చింది. చిన్న రింగు కావాలన్నాడు. ఎందుకో చెప్పలేదు గానీ నాకు తెలుసు: చిన్న రింగులో కాళ్లున్నవాడికి చోటుండదు. జడ్జీల్లో ఒకడైనా మనూరివాడు ఉండాలన్నాడు. రెండిటికీ కాదన్నాను. ఆ రెండూ ఇస్తే నేను అన్ని ఊళ్లు తిరిగి తెచ్చిన పోటీదారు మళ్లీ పాత లిఫ్టరు కిందే లెక్క. ఈసారి ఓడేది కొత్త పద్ధతిలో, అంతే.

కమిటీ అభ్యంతరం ఇంకోటి: "ఈ పేరు ఎవరికి తెలుసు?" దీనికి పోస్టరు పనికిరాదు. ముందు పోటీలో, ఛాంపియన్ బౌట్‌కి కాస్త ముందు, ఇతన్ని ఇంకో హెవీవెయిట్ మీద ఆడించాను. 95తో, కడుపునిండా తిని. మూడు రౌండ్లూ తిరుగుతూనే ఉన్నాడు, పాయింట్ల మీద తేలిగ్గా గెలిచాడు. ఆ రాత్రే బల్లల మీంచి అరిచారు, ఈణ్ణి పెద్దోడి మీదకి దించండని. ఆపైన కమిటీ నన్నేమీ అడగలేదు. పోటీదారు మీద నమ్మకం నాకుంటే చాలదు, జనం కళ్లారా చూసి తమంతట తామే అడగాలి. ప్రచారానికి పెట్టే డబ్బు కంటే ఆ ఒక్క బౌట్ చవక.

బౌట్

మొదటి రౌండు జేపూరు కుర్రాడిదే, ఐదుగురి కాగితాల మీదా. ముందుకాలు బయట పెట్టాడు, మనవాడి జాబ్‌ని ముందు చేత్తో నొక్కుతూ ఎడమచెయ్యి పక్కటెముకల మీదకి పంపాడు. రెండు నిమిషాల తర్వాత అదే చెయ్యి ఒకసారి పైకి వచ్చింది. రెఫరీ ఆట ఆపి మనవాడి మీద ఎనిమిది దాకా లెక్కపెట్టాడు. హాల్లో ఎవరూ బస్సు మాట ఎత్తలేదు.

రెండో రౌండులో మనవాడి కోచ్ కార్నర్ నుంచి అరిచింది ఒక్కటే: జాబ్ మానెయ్, కుడిచేత్తో మొదలెట్టు. ఎడమచేతి వాటం వాడి మీద అందరూ చెప్పే మందే అది, కానీ దెబ్బ తిన్న తర్వాత చెవికెక్కినట్టు ముందు ఎక్కదు. రౌండు ఎవరిదో చెప్పలేని ఆట. ముగ్గురు మనవాడికి, ఇద్దరు అవతలివాడికి ఇచ్చారు. మూడో రౌండులో మనవాడు, తనకి తెలీదన్న ఆ మూడో రౌండులో, ఎడమవైపుకి అడుగేస్తూ తిన్నటి కుడిచేతులు వేశాడు. అవతలివాడు ఆగలేదు గానీ వెనక్కి వెళ్లాడు. ఐదుగురూ ఆ రౌండు మనవాడికే ఇచ్చారు. బెల్టు 3-2తో నిలబడింది.

బరంపురంలో వారంపాటు ఇదే గొడవ. రెండో రౌండు ఎవరిదని టీకొట్ల దగ్గర పందేలు. నాకు సంబంధించినంతవరకు కేసులో పనిచేసిందంటే అదే: చూసినవాళ్లు ఏకాభిప్రాయానికి రాలేకపోయారు.

మేనమామ మాత్రం మండిపడ్డాడు. "ఏటి మాస్టారూ, ఇంత దగ్గరికి తెచ్చీసారు? ఓడిపోతే ఏటయ్యేది?"

"ఓడిపోతే బెల్టు జేపూరు వెళ్లేది బావూ. మళ్లీ ఆడి తెచ్చుకుందుము."

ఆయనకి నచ్చలేదు. కానీ తర్వాతి రాష్ట్ర పోటీల్లో ఎడమచేతి వాటం వాడు ఎదురైనప్పుడు మేనల్లుడు మొదటి నిమిషంలోనే కుడిచెయ్యి ముందు వెయ్యడం చూశాక, నాతో మాట్లాడ్డం మొదలెట్టాడు.

తర్వాత ఏం మార్చుకున్నాను

ఎవరైనా ఒకణ్ణి ఛాంపియన్ మీదకి దించమని వస్తే, "ఇతను ఎలా గెలుస్తాడు?" అన్నదానికి ఒక్క వాక్యం రాయమంటాను. "గట్టిగా కొడతాడు" అంటే వెనక్కి పంపిస్తాను. ఫలానా చోట, ఫలానా దెబ్బతో, ఫలానా రౌండులో అని రాయగలిగితే అప్పుడు పుస్తకం తెరుస్తాను. బరువు, రికార్డు, పేరు ఆ తర్వాత చూసేవి. బరువు భద్రత కోసం, రికార్డు దెబ్బల చరిత్ర కోసం, పేరు టికెట్ల కోసం.

ప్రతి బౌట్ ఇంత బిగువుగా ఉండాలని కూడా నేననను. మేనమామ అడిగినదాంట్లో ఒకటి ఒప్పుకున్నాను: కష్టమైనదాని తర్వాత కాస్త తేలికైనది. 1940 డిసెంబరు నుంచి 1941 జూన్ దాకా జో లూయిస్ ఇంచుమించు నెలకొకణ్ణి ఎదుర్కొంటుంటే పత్రికలవాళ్లు వెక్కిరించారు. ఆ వరస చివర్లో వచ్చినవాడే బిల్లీ కాన్. తేలికైనవాడిలో కూడా ఏదో ఒక కొత్త చిక్కు ఉండాలన్నదే నా పట్టు. అందుకని తర్వాత తెచ్చింది విశాఖ వైపు నుంచి ఐదడుగుల తొమ్మిదంగుళాల పొట్టి మనిషిని. తల వంచుకుని లోపలికి దూరి దగ్గరగా కొట్టేవాడు. మనవాడు గెలిచాడు, ఐదుగురూ అతనికే ఇచ్చారు, కానీ కిందినుంచి పైకి కొట్టే అప్పర్‌కట్ అనేది ఒకటుందని రింగులో మొదటిసారి గుర్తుచేసుకోవాల్సి వచ్చింది.

జేపూరు కుర్రాడితో రెండో బౌట్ ఈసారి జేపూరులోనే. ఛాంపియన్ బయటి ఊళ్లో, తనకి చప్పట్లు కొట్టనివాళ్ల ముందు ఆడాలన్నది నా షరతు. ఆ కోచ్ కూడా 6.1 మీటర్లకీ, బయటి జడ్జీలకీ ఏ తగువూ లేకుండా ఒప్పుకున్నాడు, కిందటిసారి తను అడిగినవే కదా. సంఘం అనుమతి వచ్చింది. ఇంకా తేలనిది ఒక్కటే: రింగు విశాఖ నుంచి కొండల మీదుగా లారీలో రావాలి, ఆ కిరాయి మా కమిటీ పెట్టుకోవాలా, వాళ్లు పెట్టుకోవాలా అని.